పెన్సిలు చుక్కలు

గద్వాలలో నేను పనిచేసిన బడిలో హాజరుపట్టీకి ఒక పద్ధతి ఉండేది. వచ్చిన పిల్లవాడికి సిరాతో పి, రానివాడికి ఏ. మగ్గాల ఇళ్ళ పిల్లలు రాకపోతే మాత్రం ఏ పెట్టేవాళ్ళం కాదు. ఆ గడిలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి వదిలేసేవాళ్ళం. పెళ్ళిళ్ళ రోజుల్లో చీరలకు గిరాకీ ఎక్కువ. ఇంట్లో ప్రతి చెయ్యీ మగ్గం దగ్గర కావాలి. పిల్లవాడు వారం పది రోజులు కనబడడు. తర్వాత వేళ్ళకు రంగు మరకలతో వచ్చి చప్పుడు చేయకుండా వెనక బెంచీలో కూర్చుంటాడు. హాజరు తక్కువై వాడికి పదో తరగతి హాల్ టికెట్ రాకుండా పోకూడదని, సంవత్సరం చివర ఆ చుక్కల మీద పి రాసేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను కొల్లాపూర్ నుంచి బదిలీ మీద వెళ్ళిన మొదటి వారంలోనే లెక్కల మాస్టారు నా చేతిలో పెన్సిలు పెట్టి, "పండిట్ గారూ, ఈడ కలం కంటె ఇది ముఖ్యం" అన్నాడు.

రూలు ప్రకారం అది దొంగరాత. నేను చేసిన తప్పు మాత్రం అది కాదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు ఉపాధ్యాయులు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఛందస్సు ఎట్లా చెప్పాలి, పిల్లలు నిద్రపోకుండా వ్యాకరణం ఎట్లా నడపాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. వాళ్ళకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలు. నేను తొమ్మిదో తరగతికి క్లాసు టీచరును. అది మగపిల్లల బడి. ఆ తరగతిలో ఒక చేనేత ఇంటి పిల్ల ఉండేది. రిజిస్టరులో మగపిల్లవాడి పేరు ఉంది. మేమందరం 'వాడు' అనే అన్నాం. తల్లిదండ్రులూ అట్లాగే అన్నారు. ఎవరేమన్నారో చెప్పేచోట ఆ మాటలు అట్లాగే ఉంచుతాను. నా మాటగా రాసేచోట మాత్రం 'ఆ పిల్ల' అనీ, 'వచ్చింది' అనీ రాస్తాను. ఇప్పుడు మీకు ట్రాన్స్‌జెండర్ అనే మాట ఉంది. మంచిదో చెడ్డదో, అది ఒక మాట. అప్పుడు మాకు ఉన్న మాటలన్నీ తిట్లే.

ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా ఉండేది. జుట్టు చెవుల మీదికి పెంచుకునేది. నడకలో ఒక ఒయ్యారం ఉండేది. దాన్ని దాచుకోవాలని పుస్తకాలు రొమ్ముకు హత్తుకుని తల వంచుకుని నడిచేది. దాంతో అది ఇంకా బాగా కనబడేది. పద్యం చదివితే మాత్రం తల పైకెత్తేది. విరుపు ఎక్కడో చెప్పనక్కరలేదు. నేను పద్యభాగం మొదలుపెట్టే రోజు ఆ పిల్లతోనే మొదట చదివించేవాణ్ణి. అది చూసి ఇతర పిల్లలు మూతులు తిప్పుకునేవాళ్ళు.

ఒకరోజు వ్యాకరణంలో లింగాల పాఠం. తెలుగులో మగవాళ్ళను చెప్పే మాటలు మహద్వాచకాలు. ఆడవాళ్ళను చెప్పేవి మహతీవాచకాలు. పశువులు, పక్షులు, రాళ్ళు, రప్పలు, వీటిని చెప్పేవి అమహద్వాచకాలు. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, ఆవు వచ్చింది. ఇదంతా బోర్డు మీద రాశాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, 'నేను పోయిన' అంటె మొగోళ్ళకా, ఆడోళ్ళకా?"

"ఇద్దరికీ ఒకటే" అన్నాను.

"'నువ్వు పోయినవ్' అంటె?"

"అదీ అంతే. నేను, నువ్వు అనేవాటికి లింగభేదం లేదు."

"గట్లయితె సార్, నా గురించి నేను చెప్పుకుంటె లింగం లేదు. మీరు నా ముంగట నాతోని మాట్లాడినా లేదు. నేను లేనప్పుడు నా గురించి మంది మాట్లాడితెనే ఉంటది."

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. అంత మంచి వ్యాకరణ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. ఆ మాట అప్పుడే అనవలసింది. కానీ వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"సార్, మరి వీడు మహత్తా, మహతియా?"

తరగతి గొల్లుమంది. నేను పాఠం బాగా చెబుతానని, నవ్విస్తూ చెబుతానని ఊళ్ళో పేరు. ఆ పేరు మీద నాకు మోజు. పిల్లల చేతనే జవాబు చెప్పించాలనేది మా శిక్షణలో నేర్పిన పద్ధతి. ఆ రెండూ కలిసి నా నోటి నుంచి వచ్చాయి.

"అదీ కాక, ఇదీ కాకపోతే, ఇంక మిగిలిందేమిట్రా?"

"అమహత్తు!" అని అరవైమంది ఒక్కసారి అరిచారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వబోయి, కూర్చుంది.

సాయంత్రానికి అది 'అమత్తు' అయింది. వారంలో బడి మొత్తం అదే పేరు. అటెండెన్సు పిలిచేటప్పుడు నేను అసలు పేరు పిలిస్తే వెనక నుంచి ఎవరో ఒకరు మెల్లగా దిద్దేవారు. గేటు దగ్గర చిన్న తరగతుల పిల్లలు కాపు కాసేవాళ్ళు. "అరేయ్, అమత్తొచ్చింది రా!" పోకిరి పిల్లలు పెట్టే పేర్లు నెల తిరిగేసరికి మరిచిపోతారు. ఇది పండితుడు ఇచ్చిన పేరు. అర్థం ఉంది, పుస్తకంలో ఉంది. నిలిచింది.

ఒకసారి ఆ పిల్లను వరండాలో ఆపి, "ఆ పేరు నా వల్లే వచ్చింది. నేను మందలిస్తాను" అన్నాను. క్షమించు అనలేదు. ఆ రోజుల్లో ఉపాధ్యాయుడు పిల్లలతో ఆ మాట అనేవాడు కాదు. ఆ పిల్ల తల వంచుకునే అంది:

"'అమత్తొచ్చింది' అంటరు సార్. అండ్ల 'వచ్చింది' మంచిగనే ఉంది. ముంగటిదే మంచిగ లేదు."

అర్థమైంది. అర్థం కానట్టు తల ఊపి స్టాఫ్‌రూములోకి వెళ్ళిపోయాను.

ఆ చలికాలం ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. కండెలు చుడుతూ చుడుతూ లేచి వచ్చినట్టుంది, చీర మీద నూలు తుక్కు అంటుకుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. వరండా స్తంభం పక్కనే నిలబడింది.

"సారు, మావోడు పొద్దుగాల లేస్తె బొట్టు నీళ్ళు ముడ్తలేడు. సల్ల ఇచ్చినా వద్దంటడు. మూత్రంల మంటంటడు. దవాఖానకు తోల్కపోతె నీళ్ళు మస్తు తాగమన్నరు. బడి నుంచి వచ్చి చెంబులకు చెంబులు తాగుతడు. బడిల ఏమైతుంది సారు?"

బడిలో ఏమవుతుందో నాకు తెలుసు. మా బడికి పిల్లల మూత్రశాల అంటూ లేదు. వెనక ప్రహరీ గోడ ఉంది, అంతే. గంట కొట్టగానే అందరూ ఆ గోడకు వరసగా నిలబడతారు. ఆ పిల్ల వెళితే వెనక నలుగురు వెళ్ళేవాళ్ళు. నిలబడుతుందా కూర్చుంటుందా అని పందేలు. ఒకసారి నిక్కరు లాగారని విన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెళ్ళకుండా ఉండటానికి ఆ పిల్ల కనిపెట్టిన ఉపాయం నీళ్ళు తాగకపోవడం.

తల్లికి అదంతా చెప్పలేదు. "నేను చూసుకుంటానమ్మా" అన్నాను. మా అటెండరును పిలిచి, ఆ పిల్ల వెనక ఎవరూ వెళ్ళకుండా చూడమన్నాను. ఆయన ముస్లిం, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. గంట కొట్టడం, రిజిస్టర్లు మోయడం ఆయన పని. "ఫికర్ వద్దు సారూ. నేను జూస్కుంట" అన్నాడు.

నేను చూసుకుంటానన్నాను, ఆయన చూసుకున్నాడు. స్టాఫ్‌రూము వెనక మా ఉపాధ్యాయులకు తాళం వేసిన ఒక చిన్న మరుగుదొడ్డి గది ఉండేది. మూడో పీరియడు మధ్యలో, అందరం తరగతుల్లో ఉన్నప్పుడు, ఆయన ఆ పిల్లను ఏదో పని మీద పిలిచినట్టు పిలిచి తాళంచెవి ఇచ్చేవాడట. "చాక్‌పీసులు పట్కరా పో" అనేవాడు. చేతిలో చాక్‌పీసుతోనే తిరిగి వచ్చేది. రెండు నెలల దాకా నాకు కూడా తెలియలేదు. ఆ రెండు నెలల్లో ఆ పిల్ల ముఖం తేరుకుంది. అర్ధసంవత్సర పరీక్షలో తెలుగులో మొదటి మార్కు వచ్చింది. పదో తరగతికి వచ్చాక కూడా ఆ ఏర్పాటు నడిచింది. పదో తరగతికి కూడా నేనే క్లాసు టీచరును.

ఇక్కడ నేను చేసింది మంచి ఉద్దేశంతో చేసింది. అటెండరు మీద ఎవరైనా మాట అంటే పాపం ముసలాయన ఇబ్బంది పడతాడు, దీన్ని హెడ్మాస్టరు అనుమతిగా మారిస్తే మంచిది కదా అనిపించింది. ఆ ఏడు దసరా సెలవుల తర్వాత జరిగిన స్టాఫ్ మీటింగులో లేచి చెప్పాను. ఆ పిల్ల ఆరోగ్యం బాగాలేదని, ఆ గది వాడుకోవడానికి ఒక ఉత్తర్వు రాసి పెట్టమని. నాలుగు వాక్యాలు, మంచి భాషలో.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీశాడు. "ఎవరి తాళంచెవి? ఎవరికి ఇస్తున్నరు? ఎన్నాళ్ళ నుంచి?"

డ్రిల్లు మాస్టారు నవ్వాడు. "ఇయ్యాల తాళంచెవి. రేపు గాజులు గూడ మనమే ఇయ్యాల్నా సార్?"

తాళంచెవి ఆ సాయంత్రమే హెడ్మాస్టరు డ్రాయరులోకి వెళ్ళింది. అటెండరుకు మెమో ఇచ్చారు. ఆయన అది మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, నడుస్తున్నదాన్ని కాయితం మీదికి ఎందుకు తెచ్చిండ్రు?"

నేను చేతిలోని పుస్తకం మూశాను.

"కాయితం మీదికొస్తె ఎవలో ఒకలు సదువుతరు సారూ" అన్నాడు. ఆయనకు చదువు రాదు.

హెడ్మాస్టరు చెడ్డమనిషి అని చెప్పను. బడికి రెండు గదులు కట్టించడానికి కాళ్ళరిగేలా తిరిగినవాడు. సమస్య తాళంచెవి కాదు, ఆ అవతారం అన్నాడు. జుట్టూ నడకా సరిచేస్తే పిల్లలు గేలి చేయడం అదే మానేస్తారు, మనం చేసే ఉపకారం అదే అన్నాడు. ఆ మాట ఆయన నమ్మే అన్నాడు. మర్నాడు ప్రార్థన తర్వాత ఎవరినీ తరగతులకు పంపలేదు. మంగలిని పిలిపించారు. ఆ పిల్లను జెండా గద్దె ముందుకు పిలిచారు. డ్రిల్లు మాస్టారు భుజాలు పట్టుకున్నాడు.

"నిలవడితె ఎట్ల సారు? కత్తెర తగుల్తది. కూసోబెట్టుండ్రి" అన్నాడు మంగలి. అక్కడ ఆ పిల్ల గురించి ఆలోచించిన మాట అదొక్కటే.

కూర్చోబెట్టారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. బడి అంతా నిలబడి చూసింది. ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఆ పిల్ల రెండుసార్లు నా వైపు చూసింది. నేను మొదటిసారి చూశాను. రెండోసారి జెండా కర్ర తాడును చూశాను. తర్వాత ఆ పిల్ల లేచి, చొక్కా దులుపుకుని, పుస్తకాలు తీసుకుని, గేటు దాటి వెళ్ళింది. ఎప్పటిలాగే నడిచింది.

మర్నాటి నుంచి నేను పెన్సిలు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను.

నెల దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలోనే మగ్గం. గద్వాల మగ్గానికి కింద గుంత ఉంటుంది. నేసేవాడు ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నేల మీద కూర్చుంటాడు. తండ్రీ ఆ పిల్లా పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. నూలు చీరకు పట్టు అంచు కలిపే పని. తండ్రి ఇటు నుంచి దారం చుట్టిన నాడె విసిరితే ఆ పిల్ల అటు నుంచి అంచు నాడె వేస్తున్నది. నన్ను చూసి తండ్రి చెయ్యి ఆపాడు. లేవలేదు.

"బడికి పంపించు" అన్నాను. "పదో తరగతి. నాలుగు నెలలు ఓపిక పట్టు."

"సదువు సాలు సారు" అన్నాడు. "ఈ గుంతల కూసుంటె నడుం దాక భూమిలనే ఉంటడు. నడక ఎట్లున్నదని ఎవ్వడు సూడొస్తడు? నేను బతికినన్ని దినాలు ఈడ్నే నా పక్కకు కూసోబెట్టుకుంట."

అప్పుడు నాకది మూర్ఖత్వంగా కనిపించింది. ఆ ఊళ్ళో ఆ పిల్లను దాచుకోవడానికి చోటు వెతికిన మనిషి ఆయనొక్కడే అని చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

ఆ పిల్ల నన్ను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుంది.

"పరీక్ష రాయనిస్తరా సార్?"

"ఎందుకు రాయనివ్వరు?"

"పది పాసయితె టీచర్ ట్రైనింగ్ జేస్త సార్. పంతులు అంటె మొగోడు, పంతులమ్మ అంటె ఆడిది. టీచర్ అంటె ఎవలైనా టీచరే గద."

ఎన్ని రోజులు వెతికి పట్టుకుందో ఆ మాటను.

"ఇంట్ల చదువుకుంటున్న సార్. నాయినను పరీక్షల ముంగట నేను ఒప్పిస్త. బడికి రాను గని పరీక్ష రాస్త. హాజరు..."

"చుక్కలే పెడుతున్నాను" అన్నాను. "హాజరు సంగతి నాకు వదిలెయ్. నువ్వు చదువుకో."

మాటిచ్చినట్టే. ఆ పిల్ల దండం పెట్టింది.

ఫిబ్రవరిలో హెడ్మాస్టరు నన్ను హాజరుపట్టీతో రమ్మన్నాడు. హాల్ టికెట్లకు ముందు హాజరు లెక్క తేల్చి పంపాలి. పేజీలు తిప్పి చూశాడు.

"ఏంది పండిట్ గారూ, దోమలు వాలినట్టు?"

ఆయనకు తెలియని పద్ధతి కాదు. ప్రతి ఏడూ అనే మాటే అది. నేనూ నవ్వాను. సిరాబుడ్డి ముందుకు జరిపాడు. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, "రాయండి, పి" అంటూ పోయాడు. నేను రాస్తూ పోయాను. ఆ పిల్ల పేరు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ నిజం రాయండి."

"ఆ అబ్బాయి కూడా మగ్గం మీదే ఉన్నాడు సార్. నేను వెళ్ళి చూసి వచ్చాను."

"మిగతావాళ్ళు మగ్గం కోసం పోయిండ్రు. ఇతను బడి పరువు తీసి పోయిండు. రేపు పరీక్ష సెంటర్ల వేరే బళ్ళ పిల్లలు వస్తరు. ఈ నమూనాను చూసి మన బడి పేరు చెప్పుకుని నవ్వుతరు. మీకు ఇష్టమా?"

నేను కలం బల్ల మీద పెట్టాను.

"మీ కాయితం గూడ ఈడ్నే ఉన్నది" అన్నాడు. మెత్తగానే అన్నాడు. నా బదిలీ దరఖాస్తు. నా భార్య నాగర్‌కర్నూల్‌లో టీచరు. మా పాప పుట్టిన దగ్గర నుంచి నాలుగేళ్ళుగా నేనొక చోట, వాళ్ళొక చోట. ఆయన సిఫారసు రాస్తే జూన్‌లో నాగర్‌కర్నూల్ వెళతాను. ఆయన బెదిరించలేదు. గుర్తు చేశాడు.

అంతా అబద్ధం రాసిన పేజీలో ఒక్క వరసలో నిజం రాశాను. ఏ రాయాలంటే పి కంటే ఒక గీత ఎక్కువ. ఒక్కొక్క చుక్క మీద మూడు గీతలు. చెయ్యి నొప్పి పుట్టేంత సేపు పట్టింది. అయ్యాక హెడ్మాస్టరు అద్దుడు కాగితం నొక్కి, పట్టీ మూసి, టీ తెప్పించాడు. తాగాను.

తర్వాత మూడు వారాలున్నాయి. వాళ్ళింటికి వెళ్ళి చెప్పవచ్చు. నేను వెళ్ళలేదు. ప్రతి రోజూ రేపు వెళదామనుకున్నాను.

హాల్ టికెట్లు ఇచ్చే రోజు ఆ పిల్ల వచ్చింది. జుట్టు కొంచెం పెరిగి, నూనె రాసి వెనక్కి దువ్వి ఉంది. ఇస్త్రీ చొక్కా. వరసలో చివర నిలబడింది. ఎవరూ అమత్తు అనలేదు. పరీక్షల భయంలో పిల్లలు మంచివాళ్ళుగా ఉంటారు. గుమాస్తా కిటికీ దగ్గర వంతు వచ్చింది. ఆయన కట్ట తిరగేసి, "నీది రాలే. హాజరు లేదు" అన్నాడు.

ఆ పిల్ల నా కోసం చూసింది. నేను పక్కనే ఉన్నాను. వెనక తలుపు నుంచి పోవాలని చూసి, పోలేక నిలబడ్డాను.

"సార్, చుక్కలు వెట్టిన అన్నరు గద."

"పెట్టాను."

"మరి?"

"వాటి మీద ఏ రాశారు."

"ఎవలు రాసిండ్రు సార్?"

"నేనే రాశాను."

అబద్ధం చెప్పలేదని ఇన్నేళ్ళలో కొన్నిసార్లు నన్ను నేను మెచ్చుకోవాలని చూశాను. కుదరలేదు. ఆ పిల్ల నా ముఖం చూసింది. కోపం లేదు. ఒక పద్యానికి అర్థం తట్టనప్పుడు చూసే చూపు.

"నేను పోతున్న సార్" అంది.

ఆ ఎండాకాలంలోనే ఊరు విడిచింది. రాయచూరు బస్సెక్కుతుంటే మా అటెండరు చూశాడట. ఎక్కడికి బిడ్డా అంటే ఏమీ చెప్పలేదట. ఆయన జేబులో ఉన్నదేదో చేతిలో పెట్టబోతే తీసుకోలేదట. తండ్రి అందరికీ భీవండి మిల్లుకు పంపానని చెప్పుకున్నాడు. జూన్‌లో నాకు నాగర్‌కర్నూల్ బదిలీ వచ్చింది. సాగనంపేటప్పుడు హెడ్మాస్టరు నా గురించి మంచి మాటలు చెప్పాడు. అటెండరు దండ నా చేతికి ఇచ్చాడు. వేయలేదు.

చిన్నవాళ్ళకు ఇక్కడ నీతి చెప్పాలి. నా దగ్గర పెద్ద నీతి లేదు. ఆ పిల్ల నన్ను లోకాన్ని మార్చమనలేదు. రోజుకు ఒకసారి ఒక తాళంచెవి, పెన్సిలుతో పెట్టిన చుక్కలు అట్లాగే ఉండటం, అంతే కావలసి వచ్చింది. చదువు రానివాడు తన వంతు ఇచ్చాడు. చదివినవాణ్ణి నేను. తరగతిని నవ్వించగలిగే శక్తి మీలో ఎవరికైనా ఉంటే, నవ్వు ఎవరి మీద పడుతున్నదో చూసి నోరు తెరవండి.

ఆరేడేళ్ళ తర్వాత నేను వనపర్తిలో ఉన్నాను. ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చింది. వెంటనే పోల్చుకోలేదు. బాగా ముసలిదైపోయింది. అటెండరు నా చిరునామా ఇచ్చాడట. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసింది.

"మావోడు పోయిండు సారు. రాయచూర్ల. కామెర్లయినయంట."

నా భార్య వంటింట్లో నుంచి వచ్చి నిలబడింది.

"ఇద్దరొచ్చిండ్రు సారు. చీరలు కట్టుకున్నరు, గొంతులు మొగ గొంతులు. గల్లీ పోరగాండ్లు ఎంబడివడ్డరు. 'అమ్మా, నీ బిడ్డ' అన్నరు. నేను తలుపేసిన. ఎమ్మటే మళ్ళ తీసిన. ఈ కాయితం ఇచ్చిండ్రు. కన్నడం. మా ఊర్ల సదివేటోళ్ళు ఉన్నరు గని, సదివిస్తె అందరికి తెలుస్తది. మీకు వస్తదని మీ అటెండరు చెప్పిండు."

"వాళ్ళ నాయన?"

"గుంతల కెల్లి లేస్తలేడు. నేస్తలేడు గూడ."

మొదటి ఉద్యోగం సరిహద్దు పల్లెలో చేసినప్పుడు కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. కాగితం విప్పాను. దవాఖాన ఇచ్చిన మరణపు చీటీ. ఊరు, వయసు, రోగం చదివి తెలుగులో చెప్పాను. పేరు దగ్గర ఆగాను. రిజిస్టరులో నేను రెండేళ్ళు పిలిచిన పేరు కాదు. ఆడపేరు. ఇక్కడ రాయను. ఆమెకు మాత్రం చదివి వినిపించాను.

ఆమె కాగితం మీదికి వంగింది. తర్వాత, "మళ్ళొకసారి సదువుండ్రి" అంది. చదివాను.

"గది మా అమ్మ పేరు సారు" అంది. "చిన్నగున్నప్పుడు మా అమ్మనే సాదింది. మా అమ్మ పేరు పెట్టుకున్నదా?"

అప్పటిదాకా మావోడు, పోయిండు అన్న మనిషి. నేను వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి. క్రియ మారితే వినబడుతుంది.

"ఆడనా మొగనా, అదేం రాసిండ్రు సారు?"

"హెణ్ణు అని రాశారమ్మా. అంటే ఆడపిల్ల."

"సరే" అంది. కాగితం తీసుకుని, పాత మడతల మీదే మడిచి, కొంగున ముడి వేసుకుంది. నా భార్య గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. ఆమె సగం తాగి, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని దానిలోకి చూస్తూ కూర్చుంది.

"వచ్చినోళ్ళు ఒక్కటి చెప్పిండ్రు సారు" అంది. "ఆడ నీళ్ళు మంచిగ తాగేదంట."